నల్లద్దాల పెళ్ళికారు

ఆ ఆదివారం ఉదయం తిరుపతిరావు తలపెట్టిన పని ఒక్కటే, కారు కడగడం. బుధవారం సాయంత్రం ఎదురింటి హనుమయ్య కూతురు సాయిశ్రీ పెళ్ళి. పటమటలోని ఆ వీధిలో ఎవరింట పెళ్ళి జరిగినా పెళ్ళికూతురు కల్యాణమండపానికి బయలుదేరేది తిరుపతిరావు తెల్ల మారుతీలోనే. ఆ వీధికి వచ్చిన మొట్టమొదటి కారు అది. ఆయన బాడుగ పుచ్చుకునేవాడు కాదు. పెట్రోలు సైతం తానే పోయించేవాడు. మేళం మోగుతూ ఉండగా, జనమంతా గుమ్మాల్లో నిలబడి చూస్తూ ఉండగా, స్టీరింగు పట్టుకుని మెడ కాస్త పైకెత్తి మొదటి గేరులో మెల్లగా సాగిపోవడం, అంతే ఆయన కోరుకున్న ప్రతిఫలం. ఆఫీసులో ఆయన ఫైళ్ళ దొంతర వెనుక కూర్చునే మనిషి. సెలవు పెట్టిన రోజుకూ పెట్టని రోజుకూ అక్కడ ఎవరికీ తేడా తెలిసేది కాదు. పెళ్ళికారు నడిపే ఆ కాసేపే ఆయన లోకానికి కనబడేవాడు.

బకెట్టులో గుడ్డ ముంచుతూ ఉండగా హనుమయ్య గేటు తీసుకుని వచ్చాడు.

"బావగారూ, ఇంత ఎండలో మీకెందుకండీ ఈ శ్రమ? ఈసారి మీరూ చెల్లెమ్మా హాయిగా మా వ్యానులో వచ్చేయండి. కారు సంగతి రవూఫ్ గారితో మాట్లాడేశాను."

"ఏ కారు సంగతి?"

"అదేనండీ, పెళ్ళికూతురి కారు. నల్లద్దాలు కావాలి, ఏసీ కావాలి అని అమ్మాయి ఒకటే గొడవ. ఈ కాలం పిల్లల సంగతి మీకు తెలియనిదేముంది?"

"అంటే నా కారుకేదో తక్కువైందన్నమాట."

"అబ్బే! ఎంత మాటండీ! మీదీ కారేనండీ," అని ఓదార్చి హనుమయ్య వెళ్ళిపోయాడు.

ఆ ఓదార్పు తిరుపతిరావుకు చెంపదెబ్బ కన్న ఎక్కువగా తగిలింది. పక్కింట్లో ఉండే అబ్దుల్ రవూఫ్ ఆటోనగర్‌లో స్పేరుపార్టుల వ్యాపారి. వేసవి మొదట్లో నీలంరంగు ఎస్టీమ్ కారు కొని, దాని అద్దాలన్నిటికీ నల్ల ఫిల్ము వేయించాడు. నాటినుంచి తిరుపతిరావుకు అన్నం సహించడం లేదు. ఆ కారు వీధిలోకి తిరిగితే ఆడుకునే పిల్లలు ఆట ఆపి పక్కకు తప్పుకుంటారు. లోపల ఉన్నది మందుల షాపునుంచి వస్తున్న రవూఫ్ తల్లి ఆమినాబీ అయినా సరే, మంత్రిగారి కారు వచ్చినట్లు పెద్దలు సైతం సర్దుకుని నిలబడతారు. తన కారు ఆగితే మాత్రం, లోపల ఎవరున్నారో స్పష్టంగా కనబడుతుంది గనుక, "తిరుపతిరావు గారూ, ఈ గ్యాసుబండ కాస్త సెంటరు దాకా తీసుకెళ్తారా?" అని అడుగుతారు. ఇది అసూయ అని ఎవరైనా అంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఆయన దానికి పెట్టుకున్న పేరు న్యాయం. అసూయపరుల్లో నూటికి తొంభైమంది న్యాయం కోసం పోరాడుతున్నామనే అనుకుంటారు.

"పద్మా, నేను ఆటోనగర్ వెళ్ళొస్తాను," అన్నాడు బకెట్టును కాలితో పక్కకు నెట్టి.

"ఆదివారం పూట అక్కడ ఏం పని?" అని ఆయన భార్య పద్మావతమ్మ అడిగింది. ఆయన అప్పటికే కారు స్టార్టు చేశాడు.

ఫిల్ము అమ్మే కొట్టు యజమాని ఫిల్ము చుట్టను కొలిచి కత్తిరిస్తూ, "మా మనిషి ఇక్కడే అంటించేస్తాడండీ, మీరు టీ తాగేలోపు," అన్నాడు. కాని ఆ వరుసలోనే, రెండు కొట్ల అవతల, రవూఫ్ దుకాణం ఉంది. తాను కారు నిలబెట్టి నల్లద్దాలు వేయించుకుంటున్నానన్న వార్త రవూఫ్ చెవిన పడడం కన్న ఎండలో చావడం మేలని తిరుపతిరావు అభిప్రాయం.

"అక్కర్లేదు. ఇంటిదగ్గర నేనే అంటించుకుంటా."

"అయితే ఒక్కమాట వినండి. దీని వెనకాల..."

"నాయనా, బందరు రోడ్డు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా యూనియన్ పోస్టర్లు అంటించిన చెయ్యి ఇది. నాకు అంటించడం నేర్పకు."

కొట్టు యజమాని సరుకు చుట్టి చేతికిచ్చాడు. ఆయన చెప్పబోయినది చిన్న సంగతే. ఫిల్ము వెనుక పల్చని తెల్లటి పొర ఒకటి ఉంటుంది. దాన్ని ఒలిచి పారేస్తే లోపల జిగురు బయటపడుతుంది. ఆ జిగురు వైపు అద్దానికి లోపలినుంచి అంటించాలి. ఆ పొర కూడా ఫిల్ములో భాగమేనని నమ్మిన తిరుపతిరావు ఇంటికి వచ్చి, రవూఫ్ కంట పడకుండా గేటుకు దుప్పటి కట్టి, అద్దాలకు నీళ్ళు చల్లి ఫిల్మును అదిమాడు. అది జారి కింద పడింది. మళ్ళీ అదిమాడు. మళ్ళీ పడింది.

"చూశావా, జిగురు లేని సరుకు అంటగట్టాడు! లోకంలో నిజాయితీ అన్నది లేదు!"

"ఆ కొట్టతను ఏదో చెప్పబోయాడన్నారు గదండీ. ఫోన్ చేసి కనుక్కోరాదూ?"

"కనుక్కుంటే? అతను వెళ్ళి రవూఫ్‌కి చెప్పడూ? 'పాపం, మీ పక్కింటాయనకి ఫిల్ము అంటించడం చేతకాలేదటండీ' అని ఇద్దరూ కలిసి టీ తాగుతూ నవ్వుకోరూ?"

"నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి. ఫిల్ము అంటుకుంటుంది గదా?"

ఆయన తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, భార్య బొబ్బట్లకని తెప్పించి ఉంచిన మైదా డబ్బా దించాడు. పోస్టరు అంటించే విద్య ఆయన మరచిపోలేదు. పెద్ద గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, మైదా పోసి గరిటెతో గిరగిరా తిప్పాడు.

"అందులో కాస్త మైలుతుత్తం వేయండి. లేకపోతే పురుగూ పుట్రా చేరుతుంది," అన్నది పద్మావతమ్మ.

"అద్దం నీలంగా మారితే? మైలుతుత్తం వద్దు, బెల్లం కావాలి."

"బెల్లమా?"

"పాత కోటలు ఎలా నిలబడ్డాయనుకున్నావ్? గచ్చులో బెల్లం కలిపి కట్టారు. ఫిరంగి పెట్టి కొట్టినా ఊడలేదు."

"మన కారుని ఎవరు ఫిరంగి పెట్టి కొడతారండీ?" అని అడుగుతూనే ఆమె బెల్లం అచ్చు తీసి ఇచ్చింది. సంసారంలో కొన్ని ప్రశ్నలు అడగడానికే గాని ఆపడానికి పనికిరావని ఆమెకు ఏనాడో తెలిసింది.

గోడకు పోస్టరు బయటినుంచే అంటిస్తారు. కాబట్టి ఫిల్మును సైతం బయటినుంచే అంటించాడు. తలుపుల అద్దాలు, వెనుక అద్దం, ముందు అద్దం తప్ప ఏ ఒక్కటీ విడిచిపెట్టలేదు. పాకం లాంటి జిగురును చీపురు కుంచెతో దట్టంగా పూసి, మీద ఫిల్ము పరిచి, రొట్టెల కర్రతో గాలి బుడగలు బయటకు నెట్టాడు. చీకటి పడే వేళకు కారు నల్లగా నిగనిగలాడింది. ఆయన లోపల కూర్చుని తలుపు వేసుకున్నాడు. పక్క అద్దంలో ఏమీ కనబడలేదు. వెనుక అద్దంలోనూ కనబడలేదు. రవూఫ్ కారులోనుంచి బయటి లోకం కనబడుతుందన్న సంగతి ఆయన ఎరుగడు. నల్లద్దాలంటే ఇంతేనని తృప్తి పడ్డాడు.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళే ముందు ఆ కారును తీసుకువెళ్ళి సరిగ్గా హనుమయ్య ఇంటి పందిరికి ఎదురుగా నిలబెట్టాడు.

"అమ్మాయి నల్లద్దాలు అడిగిందన్నారుగా. ఇదిగో నల్లద్దాలు. ఇంకేమైనా అడిగిందా?"

హనుమయ్య పందిరి గుంజ పట్టుకుని నీళ్ళు నమిలాడు. "బాగుందండీ... కానీ రవూఫ్ గారికి మాటిచ్చేశాను బావగారూ. ఇప్పుడు కాదంటే బాగోదు."

అదే సమయానికి షాపుకు బయలుదేరుతున్న రవూఫ్ కారు ఆపి దిగాడు. విషయం విని నవ్వాడు. "ఇందులో ఆలోచించడానికి ఏముందండీ? ఈ వీధి ఆడపిల్లల్ని ఇన్నాళ్ళూ తీసుకెళ్ళింది తిరుపతిరావు గారు. హక్కు ఆయనదే. నేను వెనకాల మిమ్మల్నీ పెద్దవాళ్ళనీ ఎక్కించుకుని వస్తాను. సరేనా తిరుపతిరావు గారూ?"

సరే అనక తప్పలేదు. కోరుకున్నది చేతికి వచ్చింది. కాని అది రవూఫ్ చేతిమీదుగా వచ్చింది. పోట్లాడి గెలుచుకుని ఉంటే ఆ రోజు ఆయన కడుపునిండా భోంచేసేవాడు. ఇలా దానంగా వచ్చేసరికి గౌరవం కూడా పరాయి సొత్తులా తోచింది. "చూశావా ఎంత పొగరో! నా హక్కు నాకు తాను ఇస్తున్నాడట!" అని రాత్రి భార్యతో అన్నాడు.

"ఇవ్వకపోతే పొగరన్నారు. ఇస్తే కూడా పొగరేనా?" అని ఆమె అటు తిరిగి పడుకున్నది.

మంగళవారం నాటికి కారును చీమలు కనుగొన్నాయి. ప్రహరీగోడ మీదినుంచి ఎర్రని తాడులా దిగి, వెనుక చక్రం మీదుగా ఎక్కి, అద్దాల అంచుల వెంట బారులు తీరాయి. తిరుపతిరావు వాటిని విదిలించి, అంచులు ఎక్కడ లేచాయో చూసి, అక్కడ మరింత బెల్లం జిగురు పూశాడు. బుధవారం మధ్యాహ్నం పూలదండలు కట్టేవాడు వచ్చి, వెనుక అద్దం మీద తెల్లని థర్మోకోల్ అక్షరాలతో సాయిశ్రీ, జయంత్ అని వధూవరుల పేర్లు అంటించి వెళ్ళాడు. నలుపు మీద తెలుపు ఎంతో శోభగా ఉన్నది. రవూఫ్ కారుకు ఒక్క బంతిపువ్వు కూడా లేదని తిరుపతిరావు పదేపదే చూసి నిర్ధారించుకున్నాడు.

మేళం మోగింది. వీధి జనం గుమ్మాల్లోకి వచ్చారు. పెళ్ళికూతురు వెనుక సీట్లో, ఆమెకు తోడుగా పద్మావతమ్మ. తిరుపతిరావు మెడ పైకెత్తి మొదటి గేరు వేశాడు. అంతా అనుకున్నట్లే జరిగింది, ఒక్కటి తప్ప. పక్క అద్దాలు నల్లగా ఉన్నందువల్ల గుమ్మాల్లో నిలబడినవారు ఆయనకు కనబడలేదు. ఆయన వారికి కనబడలేదు.

"మావయ్యా, ఉక్కగా ఉంది. కాస్త అద్దం దించుతారా?" అన్నది సాయిశ్రీ, వీధి మలుపు తిరగకముందే. మే నెల ఎండ. కారులో ఏసీ లేదు.

"దించకూడదమ్మా! దించితే ఫిల్ము ఊడొస్తుంది!"

"మేకప్ కారిపోతోంది మావయ్యా!"

"నువ్వు అడిగినవే గదమ్మా నల్లద్దాలు!"

"నేను అడిగింది ఏసీ మావయ్యా. నల్లద్దాలు నాన్నకి నచ్చాయి."

తిరుపతిరావు ఆ మాట విననట్లు నడిపాడు. పద్మావతమ్మ కొంగుతో పెళ్ళికూతురికి విసురుతూ ఉన్నది.

కల్యాణమండపం గుణదల వైపున ఉంది. కాలువగట్టు మీదికి వచ్చేసరికి ఎదురుగా ఒక లారీ ఆగి ఉండడంతో కారు ఆగింది. వెనుకనే రవూఫ్ ఎస్టీమ్ ఆగింది. సరిగ్గా అప్పుడే శౌరమ్మ గేదెలు కాలువలో మునిగి తేలి ఇంటిముఖం పట్టాయి. ఆ చుట్టుపక్కల ఇళ్ళకు పాలు పోసి బతుకు సాగించే మనిషి ఆమె. ఊళ్ళో మేసే గేదెలకు ఒక అలవాటు ఉంటుంది. గోడల మీది పోస్టర్లను మైదాపిండి రుచి కోసం నాకి, చింపి, నమిలి తింటాయి. వాటి ముక్కులకు మైదా వాసన కిలోమీటరు దూరం నుంచి తెలుస్తుంది. ఈసారి ఆ వాసనకు బెల్లం తోడైంది.

ముందుగా కారు ఎడమవైపుకు ఊగింది. తరువాత కుడివైపుకు.

"మావయ్యా, ఎవరో అద్దాలు తుడుస్తున్నారు," అన్నది సాయిశ్రీ.

"ఎవరో మర్యాద తెలిసినవాళ్ళయి ఉంటారు," అన్నాడు ఆయన.

గరగరమని అద్దం మీద ఉప్పుకాగితం రాసినట్లు చప్పుడైంది. పద్మావతమ్మ వైపు ఫిల్ము ఒక మూల లేచింది. ఆ సందులోనుంచి ఎండ, దాని వెంట జామకాయంత నల్లని కన్ను ఒకటి లోపలికి తొంగిచూశాయి. పెళ్ళికూతురు పెట్టిన కేక మండపంలో ఉన్న జయంత్‌కు వినబడి ఉండాలి.

తిరుపతిరావు తలుపు తీయబోయాడు. తలుపుకు గేదె అడ్డంగా ఉంది. హారను మోగించాడు. అవి లారీల నడుమ పెరిగిన గేదెలు. హారనుకు చెవి కూడా కదపలేదు. చూస్తుండగానే ఫిల్ము పొడుగాటి పేలికలుగా ఊడి వచ్చింది. మైదా కోసం ఒకటి, బెల్లం కోసం ఒకటి పోటీపడి అద్దాలను నాకాయి. వెనుక అద్దం దగ్గర నిలబడిన పెద్ద గేదె ఫిల్ముతోపాటు థర్మోకోల్ అక్షరాలను లాగి, పెళ్ళికొడుకు పేరున్న ముక్కను నిదానంగా నమిలి మింగింది. అద్దం మీద సాయిశ్రీ ఒంటరిగా మిగిలింది.

శౌరమ్మ కర్ర ఊపుకుంటూ పరుగెత్తి వచ్చింది.

"ఓయ్! ఏం పెట్టావయ్యా నా గేదెలకి? నోట్లో ఆ నల్లదేంటీ?"

"నేను పెట్టడమేమిటి? నీ గేదెలే నా కారు తిన్నాయి!" అని తిరుపతిరావు అవతలి తలుపు గుండా దిగి అరిచాడు.

"కారుకి బెల్లం పూసి గేదెల దారిలో నిలబెట్టి, తిన్నాయంటావేందయ్యా? నా లచ్చిమి ప్లాస్టిక్కు మింగింది. రెండు పూటలా ఆరు లీటర్లిచ్చే గేదె! దానికేమన్నా అయితే నా ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు, నువ్వా?"

ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. మూడు రోజులుగా న్యాయం న్యాయమని పలవరిస్తున్న తిరుపతిరావుకు ఆ మాట వినడానికి మాత్రం తీరిక లేదు. ఆయన చూపంతా వెనుక కారు మీద ఉంది. హనుమయ్య పరుగున వచ్చి, "బావగారూ, ముహూర్తం దాటిపోతుంది, ఏమనుకోకండి," అంటూ కూతురి చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళి ఎస్టీమ్‌లో కూర్చోబెట్టాడు. చల్లని గాలి తగిలి సాయిశ్రీ కళ్ళు మూసుకుని "అమ్మయ్య" అన్నది. ఆ ఒక్క మాట తిరుపతిరావు గుండెలో ముల్లులా దిగింది.

అంతలో గట్టు మీద బళ్ళు ఎందుకు ఆగిపోయాయో చూడడానికి ట్రాఫిక్ కానిస్టేబులు లాజరు వచ్చాడు. గేదెలను చూసి ఆశ్చర్యపోలేదు. ఎస్టీమ్‌ను చూసి ఆగాడు.

"ఎవరిదండీ ఈ నల్లద్దాల బండి?"

"నాదేనండీ," అన్నాడు రవూఫ్.

"ఈ దారిన పెద్దాయనెవరో వస్తున్నారు. నల్లద్దాల బండి ఏదీ కదలకూడదని మాకు ఆర్డరు. మా ఎస్సైగారు వచ్చి చూసేదాకా ఇక్కడే ఉండాలి."

"పెళ్ళికూతురు ఉందండీ లోపల!"

"ఉన్నట్టు నాకెలా తెలుస్తుందండీ? కనబడదుగా! పోనీ ఫిల్ము పీకేసి వెళ్ళండి, నాకేం అభ్యంతరం లేదు."

రవూఫ్ గోళ్ళతో గీకాడు. హనుమయ్య తాళంచెవితో గీకాడు. పద్ధతిగా లోపలినుంచి అంటించిన ఫిల్ము కదలలేదు, మెదలలేదు. లాజరు అటూ ఇటూ చూసి, గేదెలు నాకి వదిలిన తెల్ల మారుతీని చేత్తో చూపించాడు.

"అదిగో, ఆ బండి చూడండి. అద్దాలు ఎంత శుభ్రంగా ఉన్నాయో! చట్టమంటే గౌరవం ఉన్న మనిషి ఎవరో. ఆ బండిలో తీసుకెళ్ళండి పెళ్ళికూతుర్ని."

తిరుపతిరావు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఇన్నాళ్ళకు లోకం ఆయన వైపు తిరిగింది. సాయిశ్రీ మళ్ళీ దిగి మారుతీలోకి వచ్చి, అద్దాలన్నీ దించుకుని కూర్చున్నది. ఆయన రవూఫ్ ముందునుంచి, కావాలనే కాస్త నెమ్మదిగా నడిచి వెళ్ళి, డ్రైవరు తలుపు మీద చెయ్యి వేశాడు. ఆ చేతిమీద శౌరమ్మ చెయ్యి పడింది.

"ఏడికి? నా గేదె నెమరేసేదాకా కదలనియ్యను. నెమరేస్తే బతికినట్టు. అప్పుడు పో, నిన్నెవరూ ఆపరు."

"కానిస్టేబులు గారూ, చూడండి ఈవిడ..."

"ఆమె అడిగిందాంట్లో తప్పేముందండీ?" అన్నాడు లాజరు. "గేదె మింగింది మీ సరుకే గదా. అన్నట్టు, ఈ నల్లద్దాల బండి దగ్గర కూడా ఒక మనిషి ఉండాలి. మీరు ఎటూ ఉంటున్నారు గదా, ఇందులో కూర్చోండి."

రవూఫ్ తటపటాయించి, తన కారు తాళాలు ఆయన చేతిలో పెట్టాడు. "ఏసీ వేసుకోండి తిరుపతిరావు గారూ, ఎండగా ఉంది. అమ్మాయిని నేను జాగ్రత్తగా దింపి, వెంటనే మీకోసం తిరిగొస్తాను." ఎటువంటి వ్యంగ్యమూ లేని ఆ గొంతును తిరుపతిరావు జీవితాంతం క్షమించలేకపోయాడు.

ఆయన ఎస్టీమ్‌లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. మెత్తని సీటు, చల్లని గాలి. నల్లద్దంలోనుంచి బయటి లోకం చక్కగా కనబడుతున్నది. ముందున్న లారీ తొలగగానే తన తెల్ల మారుతీ కదిలింది. స్టీరింగు వెనుక రవూఫ్, పక్కన హనుమయ్య, వెనుక సీట్లో నవ్వుతూ పెళ్ళికూతురు, ఆమె పక్కన తన భార్యా, సర్దుకుని కూర్చున్న పెద్దవాళ్ళూ. గట్టు పొడవునా ఆగి ఉన్నవారు ఆగి ఉన్నట్లే తలలు తిప్పి చూశారు. వెనుక తమ వీధివారి వ్యాను వచ్చి ఎస్టీమ్ పక్కనే నిలిచింది.

"తిరుపతిరావు గారేరండీ? ఆయన కారు రవూఫ్ గారు నడుపుతున్నారేంటి?" అని వ్యానులోనుంచి ఎవరో అడిగారు.

"ఏమో మరి. ఆయన రాలేదేమో."

"రవూఫ్ గారి చేతిలో కారు ఎంత దర్జాగా పోతోందో చూడండి!"

మీట నొక్కితే అద్దం దిగుతుంది. "నేనిక్కడే ఉన్నాను" అంటే సరిపోతుంది. కాని ఇక్కడ ఎందుకు ఉన్నారని వారు అడుగుతారు. గేదె సంగతి చెప్పవలసి వస్తుంది. తిరుపతిరావు చెయ్యి మీట దాకా వెళ్ళి వెనక్కు వచ్చింది. వ్యాను మెల్లగా కదిలేసరికి, అద్దానికి అవతల, చేతికి అందేంత దూరంలో, తనను ఎరిగిన ముఖాలన్నీ ఒకదాని తరువాత ఒకటి ఆ నలుపులో తమ జుట్టు సవరించుకుంటూ సాగిపోయాయి.

లచ్చిమి నెమరు వేయడం మొదలుపెట్టేసరికి మండపంలో తాళి కట్టడం, భోజనాలు, రెండూ అయిపోయాయి.